పిట్టేం చేసింది పాపం?

'ఏవండీ, మీ ఫోన్లో పిట్ట ఏమైంది?' అని అడిగింది మా ఆవిడ.

2023 జులై ఆఖరి రోజులు. హైదరాబాద్‌లో ముసురు పట్టి వదలడం లేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటుంటే పక్కనుంచి తొంగిచూసింది. ఆవిడకి ట్విట్టర్‌తో పనిలేదు గానీ ఆ నీలం పిట్ట బొమ్మ మాత్రం బాగా పరిచయం. 'ఇంక ఆ పిట్టని వదలండి, ఉప్మా చల్లారిపోతోంది' అనడం పదమూడేళ్లుగా అలవాటు మరి! ఆవేళ పిట్ట ఉండాల్సిన చోట నల్లటి గడిలో ఇంటూ గుర్తు ఉంది. ముప్ఫయ్యేళ్లపాటు పిల్లల నోటు పుస్తకాల్లో తప్పు లెక్కల పక్కన నేను పెట్టిన ఇంటూ లాంటిదే.

'పేరు మార్చారు. ఇకనుంచి ఎక్స్ అనాలట' అన్నాను.

'పిట్టేం చేసింది పాపం?' అంది.

నిజమే, పిట్టేం చేసింది? ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తీరిగ్గా ఆలోచిస్తే నేను బెంగపడుతున్నది పిట్ట బొమ్మ గురించి కాదని తెలిసింది. అదేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నూట నలభై అక్షరాలు

2010లో నన్ను అందులో చేర్పించింది మా మేనల్లుడు. 'మావయ్యా, నువ్వు మొదలుపెడితే ఓ పట్టాన ఆపవు. ఇందులో ఒక్కో మాటకి 140 అక్షరాలే. నీకు మంచి శిక్ష' అని నవ్వాడు.

ఆ 140 లెక్క వెనకాల చిన్న కథ ఉంది. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్విట్టర్‌ని మొదలుపెట్టినప్పుడు దాన్ని సెల్‌ఫోన్ ఎస్సెమ్మెస్‌ల మీద నడపాలనుకున్నారు. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేవి 160 అక్షరాలు. పంపినవాళ్ల పేరుకి ఇరవై వదిలేస్తే మిగిలేవి 140. తర్వాత 2017 నవంబరులో దాన్ని 280 చేశారు. మన తెలుగువాళ్లకి అదీ ఇరుకే. 'స్త్రీ' అని రాస్తే మనకి ఒకటే అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు! ఒత్తుకో రుసుము, గుడికో రుసుము.

అయినా ఆ ఇరుకులోనే మజా ఉండేది. టెస్టు మ్యాచ్ నడుస్తుంటే దేశమంతా ఒకే అరుగు మీద కూర్చుని వ్యాఖ్యానం చెబుతున్నట్టుండేది. ఎక్కడైనా భూమి కంపిస్తే టీవీవాళ్లకంటే ముందు అక్కడివాళ్లే 'మా ఇంట్లో ఫ్యాను ఊగింది' అని రాసేవారు. శాసనాలు చదివే పండితుడూ, పక్షుల్ని చూసే డాక్టరూ, రైలు ఆలస్యమైందని విసుక్కునే గుమాస్తా... అందరిదీ ఒకటే వరస.

కొందరి పేర్ల పక్కన నీలం రంగు టిక్కు ఉండేది. దానికీ ఒక కథ ఉంది. 2009లో టోనీ లా రూసా అనే అమెరికన్ బేస్‌బాల్ మేనేజరు, తన పేరుతో ఎవరో దొంగ ఖాతా నడుపుతున్నారని ట్విట్టర్ మీద దావా వేశాడు. ఆ గొడవ తర్వాతే, ఫలానా ఖాతా నిజంగా ఫలానావాళ్లదే అని చెప్పే ఏర్పాటు మొదలైంది. మా బళ్లో హెడ్మాస్టరు గారు సర్టిఫికెట్ మీద వేసే ముద్రలాంటిదన్నమాట. దాన్ని ఎవరికిస్తారో, ఎందుకిస్తారో ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. కొందరు దాన్ని హోదాగా మెడలో వేసుకు తిరిగారు కూడా. అయినా వరద వచ్చినప్పుడో, ఎన్నికలప్పుడో 'ఈ మాట అన్నది కలెక్టరేనా, కలెక్టర్ పేరు పెట్టుకున్న కొంటెవాడా?' అన్న సందేహం తీర్చడానికి పనికొచ్చేది.

అదంతా స్వర్గమని నేననను. ఆడపిల్ల నోరు తెరిచి ఒక మాట అంటే చాలు, వందమంది మూకుమ్మడిగా మీద పడి తిట్టడం పాత యజమానుల రోజుల్లోనూ ఉంది. అబద్ధాలూ ఉన్నాయి. కంపెనీ ఆదాయమూ అంతంతమాత్రమే. ఏడాది మొత్తానికి లాభం చూసింది 2018, 2019 సంవత్సరాల్లోనే.

ఆ మే నెల

ఇక నేను మరిచిపోలేని సంగతి. 2021 మే. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు.

మా బావమరిదికి ఓ మధ్యాహ్నం ఆక్సిజన్ 84కి పడిపోయింది. తెలిసిన ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేశాం. మంచాల్లేవన్నారు. మా ఆవిడ దేవుడి గూటి ముందు కూర్చుంది. లేవదు, ఏడవదు, మాట్లాడదు. మేనల్లుడు ట్విట్టర్‌లో నాలుగు ముక్కలు రాశాడు. రోగి వయసు, ఆక్సిజన్ ఎంత, నగరంలో ఏ పక్క ఉన్నాం, ఫోన్ నంబరు. అంతే.

పది నిమిషాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు దాన్ని పదిమందికి చేరవేయడం మొదలుపెట్టారు. నంబర్లు రాసాగాయి. వాటిలో సగం ఎత్తనివి, కొన్ని దొంగవి. అప్పుడు బెంగుళూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. చదువుకుంటున్న పిల్ల. 'అంకుల్, మీకొచ్చిన మొదటి రెండు నంబర్లూ వదిలేయండి. పొద్దుట్నుంచి నేనే మూడుసార్లు చేశాను, పనిచెయ్యట్లేదు. మూడోది నాలుగూ పదికి మాట్లాడాను. ఒక మంచం ఖాళీ అవుతుందన్నారు. వెంటనే బయల్దేరండి' అంది.

బయల్దేరాం. ఊరి చివర చిన్న ఆస్పత్రి. రాత్రి ఎనిమిదింటికి మంచం దొరికింది. పదకొండో రోజు మా బావమరిది ఇంటికొచ్చాడు.

ఆ రోజుల్లో మీరూ చూసే ఉంటారు. ఇలాంటి పిల్లలు దేశమంతటా వేలమంది ఉన్నారు. సిలిండర్లు, మంచాలు, ప్లాస్మా... దేనికి సంబంధించిన నంబరు కనిపించినా ముందు తామే ఫోన్ చేసి, కనుక్కుని, 'వెరిఫైడ్' అని రాసి, పక్కన టైము వేసేవారు. గంట దాటితే మళ్లీ చేసి చూసేవారు. ఆ అమ్మాయి పేరు పక్కన నీలం టిక్కు లేదు. కానీ నా దృష్టిలో ఆ టిక్కుకి అసలు అర్థం అదే. ఒక మాట నలుగురికీ చెప్పే ముందు అది నిజమో కాదో కనుక్కోవడానికి ఎవరో ఒకరు శ్రమపడ్డారని.

సింకు మోసుకొచ్చిన యజమాని

తర్వాతి ఏడాదే ఆ అరుగు చేతులు మారింది.

టెస్లా కార్లు, స్పేస్ఎక్స్ రాకెట్ల ఎలాన్ మస్క్ 2022 ఏప్రిల్లో తనకి ట్విట్టర్‌లో 9 శాతం పైగా వాటా ఉందని బయటపెట్టాడు. పదిరోజులకే మొత్తం కొనేస్తానన్నాడు. షేరుకి 54 డాలర్ల 20 సెంట్లు, వెరసి 4,400 కోట్ల డాలర్లు. జులైలో 'నాకొద్దు' అన్నాడు. కంపెనీ డెలవేర్ కోర్టుకెక్కింది. విచారణ దగ్గరపడేసరికి మళ్లీ సరేనన్నాడు. అక్టోబరు 26న ఒక సింకుని చేతులతో మోసుకుంటూ ఆఫీసులోకి నడిచొచ్చాడు. అది ఇంగ్లీషు సామెత మీద వేళాకోళంలెండి. మర్నాడు బేరం పూర్తయింది.

అదే రోజు పెద్ద అధికారుల్ని పంపించేశాడు. వాళ్లలో ఇద్దరు మనవాళ్లు. ఒకరు ముంబయి ఐఐటీలో చదివిన సీఈవో పరాగ్ అగర్వాల్. రెండోవారు న్యాయ విభాగం అధిపతి విజయ గద్దె. హైదరాబాద్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లిపోయిన తెలుగావిడ. 2021 జనవరిలో అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి తర్వాత డొనాల్డ్ ట్రంప్ ఖాతాని మూసేయాలన్న నిర్ణయంలో ఆవిడది ముఖ్యపాత్ర. వారం దాటగానే, నవంబరు 4న, దాదాపు 7,500 మంది ఉద్యోగుల్లో సగంమందికి ఇంటికి దారి చూపించారు.

ఎందుకంత తొందర? లెక్కల మాస్టారిని కదా, లెక్క చూశాను. 2021లో ట్విట్టర్ ఆదాయం సుమారు 508 కోట్ల డాలర్లు. అందులో తొంభై శాతం దాకా ప్రకటనల మీద వచ్చిందే. ఆ ఏడు నికరంగా నష్టమే మిగిలింది. ఇప్పుడు కొనుగోలు కోసం తెచ్చిన సుమారు 1,300 కోట్ల డాలర్ల అప్పుని కంపెనీ నెత్తినే పెట్టారు. వడ్డీయే ఏడాదికి వంద కోట్ల డాలర్లకు పైగా కట్టాలి. పెళ్లికి చేసిన అప్పు పెళ్లికూతురే తీర్చాలన్నట్టు! ఇక ఖర్చు తగ్గించాలి, ఊరికే ఇచ్చేదానికి వెల కట్టాలి.

గల్లాపెట్టె దగ్గర

ఇదంతా పేపర్లో చదువుతుంటే నాకు మా ఊరి బస్టాండు పక్కన ఉండిన టీ హోటలు గుర్తొచ్చింది.

రెండు బల్లలు, నాలుగు బెంచీలు, తెగిన పేజీల దినపత్రిక. గోడ మీద 'రాజకీయాలు మాట్లాడరాదు' అన్న బోర్డు. బోర్డు కిందే కూర్చుని అందరూ రాజకీయాలే మాట్లాడేవారు. మాట మరీ ముదిరితే యజమాని వేలితో బోర్డు చూపించేవాడు. అంతే, సర్దుకునేది. కొన్నాళ్లకి ఆయన ముసలివాడై హోటలు అమ్మేశాడు. కొన్న కుర్రాడు ఉత్సాహవంతుడు. మొదటిరోజే బోర్డు పీకేసి, 'ఇక్కడ ఎవరేమైనా మాట్లాడుకోవచ్చు' అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. వచ్చిన చిక్కేమిటంటే, ఆ కుర్రాడికీ మాట్లాడ్డం ఇష్టమే. గల్లాపెట్టె దగ్గర కూర్చుని అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు. ఎదురు చెప్పినవాడికి టీ ఆలస్యంగా వచ్చేది. మేమెవ్వరం గొడవ పడలేదు. ఒక్కొక్కళ్లం మెల్లగా రావడం మానేశాం, అంతే.

మస్క్ కూడా బోర్డు పీకుతానంటూనే వచ్చాడు. మాటకి స్వేచ్ఛ ఉండాలన్నాడు. 2022 నవంబరులో జనాన్ని ఓటడిగి, 51.8 శాతం అవునంటే ట్రంప్ ఖాతా తెరిచాడు. నెల తిరక్కుండానే తన విమానం ఎక్కడెక్కడ తిరుగుతోందో చెప్పే ఖాతాని మూయించి, దాని గురించి రాసిన కొందరు విలేకరుల ఖాతాలు కూడా ఆపేయించాడు. తర్వాత చాలామందివి తెరిచారనుకోండి. డిసెంబరులో 'నేను అధిపతిగా తప్పుకోవాలా?' అని మళ్లీ ఓటడిగితే 57.5 శాతం తప్పుకోమన్నారు. 2023 జూన్‌లో లిండా యాకరీనో అనే ఆవిడని సీఈవోగా తెచ్చాడు. 2025 జులైలో ఆవిడ కూడా వెళ్లిపోయింది. ఈలోగా 2024 అమెరికా ఎన్నికల్లో మస్క్ ట్రంప్ పక్షాన నిలబడి, రోజుకి పదులసార్లు రాశాడు. వినడానికి ఇరవై కోట్ల పైచిలుకు ఖాతాలు. గల్లాపెట్టె దగ్గర గొంతు కదా, హోటలంతా వినపడుతుంది.

మంచి పనులు చెయ్యలేదా అంటే, చేశాడు. తప్పుడు మాట కింద మామూలు జనమే సవరణ రాసే 'కమ్యూనిటీ నోట్స్' పాత యజమానుల కాలంలో వేరే పేరుతో అమెరికాలో మొదలైనా, ప్రపంచమంతటికీ తెచ్చింది ఇతనే. సాక్షాత్తూ మస్క్ రాతల కింద కూడా ఆ సవరణలు పడ్డాయి. మన దేశంలో ఖాతాలు, రాతలు మూయమన్న ప్రభుత్వ ఆదేశాల మీద 2022లో పాత ట్విట్టర్ కర్ణాటక హైకోర్టుకెళ్లింది. 2023లో ఓడిపోయి, 50 లక్షల రూపాయల జరిమానా పడింది. 2025లో కొత్త యజమాని కంపెనీ మరో ఏర్పాటు మీద అదే కోర్టు మెట్లెక్కి, మళ్లీ ఓడింది. కోర్టుకి వెళ్లిన మాట మటుకు కాదనలేం.

టిక్కు వెల

ఇన్ని మార్పుల్లో నా మనసుకి ముల్లులా గుచ్చుకున్నది ఒక్కటే. ఆ నీలం టిక్కు.

2022 నవంబరు 9న, నెలకి 8 డాలర్లు కడితే ఎవరికైనా టిక్కు ఇస్తామని అమ్మకం మొదలుపెట్టారు. మర్నాడే ఎవరో ఇన్సులిన్ తయారుచేసే ఎలై లిల్లీ కంపెనీ పేరుతో ఖాతా తెరిచి, 8 డాలర్లు కట్టి టిక్కు తెచ్చుకుని, ఇకమీదట ఇన్సులిన్ ఉచితం అని ప్రకటించేశాడు. కొన్ని గంటలపాటు అది అలాగే ఉంది. అసలు కంపెనీ బయటికొచ్చి, ఆ మాట మాది కాదని క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. మర్నాడు దాని షేరు 4 శాతం పైగా పడింది. అందుకు ఇదొక్కటే కారణమని చెప్పలేం గానీ, పేర్లు కలిపి పేపర్లన్నీ రాశాయి.

చాలామంది దాన్ని మంచి హాస్యమన్నారు. అమెరికాలో ఇన్సులిన్ ధరలు సామాన్యుణ్ని ఎలా పిండేవో చెప్పిన చురక అన్నారు. నిజమే కావచ్చు. నేను మాత్రం నవ్వలేకపోయాను. మా ఆవిడ పన్నెండేళ్లుగా పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పొడుచుకుంటోంది. మా ఫ్రిజ్ తలుపులో పాల ప్యాకెట్ల పక్కన దాని స్థానం దానిదే. ఆ ప్రకటన చదివి నిజంగా ఆశపడ్డ ముసలమ్మ అక్కడెక్కడో ఒక్కర్తయినా ఉండి ఉంటుంది కదా అనిపించింది. మందుల షాపు దాకా నడిచెళ్లి, అడిగి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చి ఉంటుంది కదా!

అల్లరి ముదిరేసరికి అమ్మకం ఆపి, డిసెంబరులో మళ్లీ తెచ్చారు. కంపెనీలకి బంగారు రంగనీ, ప్రభుత్వాలకి బూడిద రంగనీ మార్చారు. 2023 ఫిబ్రవరిలో మన దేశంలోకి వచ్చినప్పుడు ఫోన్లో కొనుక్కుంటే నెలకి 900 రూపాయలు. 2023 ఏప్రిల్ 20న పాత టిక్కులన్నీ పీకేశారు. హెడ్మాస్టరు సంతకాన్ని తీసేసి, ముద్రని బజారులో అమ్మకానికి పెట్టారన్నమాట. పైగా డబ్బు కట్టినవాళ్ల జవాబులే ముందు వరసలో కనిపించేలా చేశారు. ఎనిమిది డాలర్లు లేని డాక్టరు కింద, ఉన్న దొంగ వైద్యుడు పైన!

ఆ వారంలోనే మరో సంగతి. బయటి కంప్యూటర్లు ట్విట్టర్‌తో దానంతటదే మాట్లాడుకునే దారికి అప్పటిదాకా రుసుము లేదు. దానికీ వెల కట్టారు. న్యూయార్కులో మెట్రో రైళ్లు, బస్సులు నడిపే ఎంటీఏ సంస్థ, ఏ రైలు ఆలస్యమో, ఏ దారి మూతపడిందో అందులో చెబుతుండేది. ఏప్రిల్ 27న 'ఇకమీదట అక్కడ చెప్పం' అని ప్రకటించింది. గగ్గోలు పుట్టాక, వాతావరణ హెచ్చరికలకీ, ప్రయాణికుల సమాచారానికీ రుసుము లేకుండా చేస్తామన్నారు. మే నెలలో ఎంటీఏ తిరిగొచ్చింది. చిన్న గొడవే, సర్దుకుంది. కానీ ఆ వారంరోజుల్లో అందరికీ తెలిసిందేమిటంటే, పదేళ్లుగా పబ్లిక్ నోటీసు బోర్డు అనుకున్న గోడ ఒకరి సొంత గోడ అని.

నాకూ అప్పుడే అర్థమైంది. 2021 మే నెలలో మేం నిలబడి కేక వేసింది ఊరి కూడలి అనుకున్నాం. అది ఒకరి వరండా. ఆ సాయంత్రం యజమాని తలుపు తీసి ఉంచాడు, మా అదృష్టం.

ఎవరి దారి వారిది

పేరు మారిన జులైలోనే ఫేస్‌బుక్‌వాళ్లు 'థ్రెడ్స్' పెడితే ఐదురోజుల్లో పదికోట్లమంది చేరారు. కొందరు మాస్టడాన్ అన్నారు, కొందరు బ్లూస్కై అన్నారు. చాలామంది ఉన్నచోటే ఉన్నారు. మా శాసనాల పండితుడు ఒక చోట, పక్షుల డాక్టరు మరో చోట తేలారు. ఎవరి అరుగు వారిది. ప్రకటనలిచ్చే కంపెనీలు చాలావరకు వెనక్కి తగ్గాయి. 2023 నవంబరులో మస్క్ ఒక సభలో వాళ్లని నిండు వేదిక మీద బూతుమాట అన్నాడు. 2024 ఆగస్టులో ప్రకటనదారుల సంఘం మీద కేసు వేశాడు. 2025 మార్చిలో తన ఎక్స్‌ని తన ఇంకో కంపెనీ ఎక్స్ఏఐకే అమ్మాడు. ఆ లెక్కలో దాని వెల, అప్పు పోగా 3,300 కోట్ల డాలర్లు.

నేను ఖాతా మూసెయ్యలేదు. మేనల్లుడు అడిగాడు కూడా, 'ఇంకా ఎందుకు మావయ్యా?' అని. 2021 మే నాటి వాడి నాలుగు ముక్కలూ, వాటి కింద జవాబులూ అక్కడే ఉన్నాయి. ఆఖర్న 'మంచం దొరికింది, అందరికీ దండాలు' అన్న మాట ఉంది. అప్పుడప్పుడూ వెళ్లి చదువుకుంటాను.

కిందటి నెల ఓ పని చేశాను. బళ్లో హాజరు వేసే పొడుగాటి పుస్తకమొకటి కొని, ఆ జవాబులన్నీ చేత్తో ఎత్తి రాసుకున్నాను. వెనక పేజీల్లో నంబర్లు రాశాను. మా వీధిలో కారున్నవాళ్లవి, రక్తదానం చేసేవాళ్లవి, రాత్రిపూట తెరిచి ఉండే మందుల షాపుది. రాసే ముందు ప్రతి నంబరుకీ ఫోన్ చేశాను. ఎత్తినవాటి పక్కన తేదీ, టైము వేశాను.

మా ఆవిడ వెనకనుంచి చూసి, 'ఈ పుస్తకానికి పిట్ట బొమ్మ వెయ్యరా?' అంది.

నాకు బొమ్మలు రావు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆవిడే పెన్సిలు తీసుకుంది.